గోదాములో బుసలు కొడుతున్నది పాము కాదు

ప్రశ్న: నెల రోజులుగా మా ధాన్యం గోదాము అటక మీద చీకటి పడితే పాము బుసల్లాంటి చప్పుడు వస్తోంది. మొన్న రాత్రి తెల్ల మొహం పిట్ట ఒకటి అరుస్తూ ఎగిరింది. చావుపిట్ట అని ఇంట్లోవాళ్లు టెన్షన్ పడుతున్నారు. కోడిపిల్లలూ తగ్గుతున్నాయి. పాముకీ ఎలుకలకీ పనికొస్తాయని మందుల షాపాయన గుళికలు ఇచ్చాడు. వాడమంటారా?
– ఒక వరి రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: వాడొద్దు. అటక మీద ఉన్నవి తెల్ల గుడ్లగూబ పిల్లలు. తల్లి ఎలుకను తెచ్చేదాకా అలాగే బుసకొడుతుంటాయి. పెద్ద పక్షి కర్కశంగా కీచుమంటుంది. ఆ అరుపుకీ చావుకీ సంబంధం లేదు. తమలపాకు ఆకారంలో తెల్లటి మొహం, నల్లటి కళ్లు, లేత పసుపు మీద బూడిద రంగు కలిసిన వీపు ఉంటే అదే. గోపురాలు, పాడుబడ్డ ఇళ్లు, చెట్టు తొర్రలు, మీలాంటి వాళ్ల అటకలు దాని నివాసాలు.

కోడిపిల్లల నేరం దాని మీద వేయకండి. అటక కింద నేల మీద గుడ్లగూబ కక్కిన నల్లటి ఉండలు పడి ఉంటాయి. ఒకదాన్ని నీళ్లలో నానబెట్టి పుల్లతో విడదీయండి. బొచ్చులో చుట్టుకున్న ఎలుక పుర్రెలు, నారింజ రంగు ముందుపళ్లు బయటపడతాయి. కోడిపిల్లల్ని ఎత్తుకెళ్లేది పందికొక్కో ముంగిసో అయ్యుంటుంది. రాత్రి గంప కింద మూసి బరువు పెట్టండి.

ఇక గుళికల సంగతి. అవి పైరు పురుగులకు వాడేవి. ధాన్యం ఉన్నచోట చల్లుతారా? మందు అమ్మేవాణ్ని సలహా అడిగితే మందే చెబుతాడు. కనీసం డబ్బా మీద పేరైనా చదివారా? విషం తిన్న ఎలుక వెంటనే చావదు, తూలుతూ తిరుగుతుంది. గుడ్లగూబకు ముందు దొరికేది అదే. బ్రోమాడయోలోన్ అనే ఎలుకల మందు అయితే ఎలుక కాలేయంలో నిలిచి పక్షినీ చంపుతుంది.

పిల్లలు పుట్టిన రెండు నెలలకు ఎగిరిపోతాయి. ఇంకో నెల ఓపిక పట్టండి. వాటిని పట్టినా చంపినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అప్పటిదాకా గోదాములో బోన్లు, పొలంలో ఎకరాకు 20 ఎలుక బుట్టలు పెట్టండి. సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసి, తెల్లారి తెరుచుకున్న వాటికే యంత్రంతో 2–3 నిమిషాలు గడ్డి పొగ పట్టండి. చిరుపొట్ట దశకు (కంకి పొట్టలో రూపుకట్టే దశ) ముందే, పక్క రైతులతో కలిసి ఒకే రోజు చేయాలి.

పిల్లలు వెళ్లాక కూడా ఎలుకలు తగ్గకపోతేనే ఎర. నూకలు 96 పాళ్లు, నూనె 2, బ్రోమాడయోలోన్ 0.25 శాతం పొడి 2 పాళ్లు కలిపి, 10–15 గ్రాముల పొట్లాలు కట్టి కన్నం లోపలికి నెట్టండి. చచ్చిన ఎలుకల్ని రోజూ ఏరి లోతుగా పాతిపెట్టండి. గుడ్లగూబ రాత్రి వాలడానికి ఎకరాకు పదేసి టీ ఆకారపు కర్రలు పాతి, గింజ పాలు పోసుకునే దశలో పీకేయండి. లేకపోతే గింజలు తినే పిట్టలు వాటి మీద చేరతాయి.