జెన్‌లో ఎస్టీమ్ ఇంజిన్ పడుతుందా?

ప్రశ్న: నాది 2001 మారుతి జెన్, ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ కాకుండా ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే రకం). పొగ కొడుతోంది, ఆయిల్ తాగుతోంది. ఎస్టీమ్ 1.3 ఇంజిన్ పెట్టేస్తే పికప్ అదిరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. పెట్టించుకోమంటారా? (ఒక పాఠకుడు, ఉప్పల్)

జవాబు: పడుతుంది. రెండూ సుజుకీ జీ సిరీస్ ఇంజిన్లే. మీ జెన్‌ది 993 సీసీ, ఎస్టీమ్‌ది 1298. ఎంపీఎఫ్‌ఐ మోడళ్లలో 60 హార్స్‌పవర్ ఎక్కడ, 85 ఎక్కడ! అంత తేలికైన బండిలో ఆ తేడా మొదటి గేరులోనే తెలిసిపోతుంది. మెకానిక్ మాటలో అబద్ధం లేదు. అయితే కాగితాల సంగతి ఆయన చెప్పినట్టు లేరు.

ఆర్సీలోని వివరాలకూ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది. మీ బండికి 15 ఏళ్లు దాటాయి, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వెళ్లక తప్పదు. అక్కడ ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు సరిచూస్తారు. కాబట్టి ఇంజిన్‌కు అడ్వాన్స్ ఇవ్వకముందే ఆర్టీఏ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. అనుమతి రాకపోతే ఆ ఆలోచన అక్కడితో ఆపేయండి. ‘ముందు పెట్టేద్దాం, కాగితాలు తర్వాత చూసుకుందాం’ అంటే మాత్రం అస్సలు ఒప్పుకోకండి.

అసలు మీ ఇంజిన్‌కు ఏమైందో తేల్చుకున్నారా? రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వదిలి, కాసేపటికి మానేస్తే అది వాల్వ్ సీళ్ల పని. చిన్న ఖర్చుతో పోతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా పొగ వస్తుంటే రింగులు అరిగినట్టు. అప్పుడు బోరింగ్ చేయించి, అంటే సిలిండర్లను కాస్త వెడల్పుగా తొలిపించి, 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయించుకోవచ్చు. ఇంజిన్ నంబరు మారదు, ఆర్టీఏ బాధ లేదు. రోజూ ఆఫీసుకు తిరిగే బండికి మేం చెప్పేది ఇదే.

అనుమతి దొరికితే ఇంజిన్ ఒక్కటే కొనకండి, ఫుల్ సెట్ తీసుకోండి: గేర్‌బాక్స్, క్లచ్ సెట్, ఫ్లైవీల్, యాక్సిళ్లు, మౌంటింగులు, థ్రాటిల్ బాడీ, ఆక్సిజన్ సెన్సర్‌తో సహా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, రేడియేటర్, ఫ్యాన్, ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్), ఎక్కడా కోయని వైరింగ్. ఇమ్మొబిలైజర్ (సొంత తాళంచెవి లేకుండా ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉన్న మోడల్ నుంచి తీసిన ఈసీఎం అయితే దాని తాళంచెవి కూడా కావాలి, లేదంటే ఇంజిన్ స్టార్టే కాదు. జిప్సీలోదీ 1.3 ఇంజినే కానీ బండి పొడవునా కూర్చుంటుంది, దాని సామాను మీకు సరిపోదు.

ఆటోనగర్‌లో కొన్నా, భోలక్‌పూర్‌లో కొన్నా కంప్రెషన్ గేజ్ వెంట తీసుకెళ్లండి. నాలుగు ప్లగ్గులూ విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి సెల్ఫ్ కొట్టించండి. ఏ సిలిండర్‌లోనైనా 170 పీఎస్‌ఐ కన్నా తగ్గినా, సిలిండర్ల మధ్య 15 దాటి తేడా ఉన్నా వదిలేయండి. ఆయిల్ మూత లోపల మీగడలా తెల్లగా ఉంటే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందేమో అనుమానించాలి. నంబరు చెక్కిన చోట రుద్దిన గుర్తులుంటే అది దొంగబండి ఇంజిన్ కావచ్చు. బిల్లు, పాత బండి ఆర్సీ నకలు లేకుండా డబ్బు ఇవ్వొద్దు.

ఇంజిన్ కిందే ఉండగా టైమింగ్ బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు, క్రాంక్ వెనక సీలు కొత్తవి వేయించండి. లోపల కూర్చున్నాక ఆ సీలు మార్చాలంటే గేర్‌బాక్స్ దించాల్సిందే.

జెన్ ఇంజిన్ స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 61 మిల్లీమీటర్లు, ఎస్టీమ్‌ది 75.5. బ్లాకు కూడా ఎత్తు. అందుకని ఇంజిన్ పైన మూడు నాలుగు చోట్ల మెత్తని మట్టి ముద్దలు పెట్టి, బానెట్ నెమ్మదిగా మూసి తెరవండి. ముద్ద ఎంత మందాన మిగిలిందో స్కేలుతో కొలవండి. ఎక్కడైనా 15 మిల్లీమీటర్ల కన్నా పలచబడితే, గేరు వేసి ఇంజిన్ ఊగినప్పుడు బానెట్‌కు తగులుతుంది.

చాలామంది మర్చిపోయేది ఎర్తింగ్ పట్టీ. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య అది లేకపోతే సెల్ఫ్ కరెంటు క్లచ్ కేబుల్ గుండా పోతుంది. కేబుల్ కాలి, ప్లాస్టిక్ తొడుగు కరిగి, పెడల్ బిగుసుకుపోతుంది. కేబుల్ నాసిరకమని మళ్లీ కేబులే మారుస్తుంటారు! వైరింగ్ అతుకులు మెలిపెట్టి టేపు చుట్టొద్దు, టంకం వేసి స్లీవ్ తొడగాలి.

ప్రశ్న: ఇలాగే ఇంజిన్ మార్చిన జెన్ మాది, అనుమతి తీసుకున్నాం. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఏసీ వేస్తే వేడెక్కుతుంది, ఔటర్ రింగ్ రోడ్డు మీద బాగుంటుంది. ఎందుకు? (కూకట్‌పల్లి)

జవాబు: బండి పరుగెత్తినప్పుడు గాలి దానంతటదే తగులుతుంది, ఆగినప్పుడు ఫ్యానే దిక్కు. ముందు ఫ్యాన్ రిలే, స్విచ్చు, ఫ్యాన్ తిరిగే దిశ చూడండి. కొత్త వైరింగ్‌లో రెండు తీగలు తారుమారై ఫ్యాన్ వెనక్కి ఊదుతుండటం మామూలే. రేడియేటర్ ముందు కాగితం పెడితే అది రేడియేటర్‌కు అతుక్కోవాలి. ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్ ఇరుకుగా ఉందని తీసేసి ఉంటే తిరిగి పెట్టించండి. ఇంజిన్ చల్లారాక, బండి ముందు భాగం ఎత్తులో పెట్టి, హీటర్ పూర్తిగా తిప్పి, కూలెంట్ నెమ్మదిగా పోస్తూ ఎయిర్‌లాక్ (లోపల చిక్కుకున్న గాలి) కూడా తీయండి. ఒకవేళ ఔటర్ మీదే వేడెక్కి ఉంటే రేడియేటర్ చిన్నదనో, పూడుకుపోయిందనో చెప్పేవాళ్లం.

ప్రశ్న: పాత మారుతి 800లో జెన్ ఇంజిన్ పెట్టొచ్చా? (సైదాబాద్)

జవాబు: వద్దు. మూడు సిలిండర్ల ఇంజిన్ కోసం చేసిన చోటు అది. నాలుగు సిలిండర్లది ఇరికించాలంటే మౌంటింగులు కోసి వెల్డింగ్ చేయాలి. 12 అంగుళాల చక్రాలు, చిన్న బ్రేకులు కూడా ఆ వేగానికి చాలవు. పికప్ కావాలంటే ఆల్టోలో వచ్చిన 12 వాల్వుల 796 సీసీ ఇంజిన్ సంగతి కనుక్కోండి. 5 గేర్ల మారుతి 800లో కంపెనీయే దాన్ని పెట్టింది. సీసీ మారకపోయినా ఇంజిన్ నంబరు మారుతుంది, దానికీ ముందుగా ఆర్టీఏ అనుమతి అడగాల్సిందే.