కీళ్ళవాతానికి టీబీ పరీక్ష ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కావలి. మా అమ్మకి రుమటాయిడ్ కీళ్ళవాతం, పొద్దున లేస్తే గంటసేపు వేళ్ళు ముడవలేదు. మాత్రలతో తగ్గట్లేదని నెల్లూరులో డాక్టర్ గారు టీఎన్ఎఫ్‌ని ఆపే ఇంజెక్షన్ రాసి, ముందు టీబీ పరీక్ష చేయించుకు రమ్మన్నారు. దగ్గే లేని మనిషికి టీబీ పరీక్ష ఏంది, దండగ ఖర్చు అంటున్నారు ఇంట్లో. మా నాయనకైతే ఎప్పుడో టీబీ వచ్చి మందులతో తగ్గింది. ఈ టీఎన్ఎఫ్ అంటే ఏంది, పరీక్ష చేయించాలా?

జవాబు: చేయించాల్సిందేనమ్మా, మీ నాయన సంగతి కూడా ఆ డాక్టర్ గారికి తప్పకుండా చెప్పండి, అది చాలా ముఖ్యం.

మన రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే ప్రోటీన్లని సైటోకైన్లు అంటారు, టీఎన్ఎఫ్ వాటిల్లో ఒకటి. ఇది కణం పైనుండి కబురు అందుకునే రిసెప్టార్‌కి అతుక్కుంటే లోపల ఎన్ఎఫ్ కప్పా బీ అనే ప్రోటీన్ న్యూక్లియస్‌లోకి పోయి వాపు పుట్టించే జీన్లని ఆన్ చేస్తది, దాంతో ఐఎల్-6 లాంటి ఇంకొన్ని సైటోకైన్లు తయారవుతాయి, రక్తనాళాల లోపలి గోడ తెల్లకణాలు అంటుకునేట్టు మారి అవి బయటికొచ్చి కీల్లో చేరతాయి, కీలు పొర మందమై చివరికి ఎముకనే తినేస్తది. మీ అమ్మ రిపోర్టులో సీఆర్పీ అనే, ఒంట్లో వాపుని చూపించే ప్రోటీన్ ఎక్కువుంటే అది ఆ ఐఎల్-6 చెప్తే లివర్ తయారుచేసిందే. లండన్‌లో ఫెల్డ్‌మన్, మైనీ అనే ఇద్దరు 1992లో టీఎన్ఎఫ్‌ని ఆపే మందు రోగులకిచ్చి చూస్తే వాపులు బాగా తగ్గినాయి, ఈ ఇంజెక్షన్లన్నీ ఆ దారిలో వచ్చినవే.

అయితే అదే టీఎన్ఎఫ్ ఊపిరితిత్తుల్లో మనల్ని కాపాడతా ఉంటది. టీబీ క్రిమి ఒంట్లో చేరినా చాలామందికి జబ్బు రాదు, రోగనిరోధక కణాలు దాని చుట్టూ గ్రాన్యులోమా అనే గడ్డ కట్టి బంధిస్తాయి. రొయ్యల గుంట గట్టుకి రోజూ మట్టి వేస్తా ఉంటేనే నిలిచినట్టు, ఆ గడ్డ నిలవాలంటే టీఎన్ఎఫ్ అందుతానే ఉండాల. ఇంజెక్షన్‌తో దాన్ని ఆపితే గడ్డ సడలి క్రిమి బయటపడొచ్చు. దగ్గు లేనంత మాత్రాన క్రిమి లేదనుకోవద్దు, ఒకే ఇంట్లో ఉన్నారు కాబట్టి మీ అమ్మకి అంటుకునే అవకాశం ఉంది.

ఛాతీ ఎక్స్‌రే, చేతి మీద చర్మంలోకి సూది వేసి చూసే మాంటూ పరీక్ష లేదా ఐజీఆర్ఏ రక్తపరీక్ష చేస్తారు. నిద్రాణంగా ఉన్న టీబీ అని తేలినా భయపడొద్దు, నివారణ మందులు మొదలుపెట్టి మామూలుగా నెల తర్వాత ఇంజెక్షన్ ఇస్తారు, మందుల కోర్సు మాత్రం మధ్యలో ఆపకూడదు. ఇంజెక్షన్ మొదలైనాక సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రెండు వారాలు దాటిన దగ్గు, వీటిల్లో ఏది కనపడినా తర్వాతి డోసు వేయించే ముందే డాక్టర్‌కి చూపించండి.