ఫిన్నిష్‌లో దయలేని మనిషిని ఏమంటారు?

మొదట నేర్చుకోవాల్సిన మాట 'ఇల్కెయా'. కావాలని ఎదుటివాళ్ళ మనసు నొప్పించేవాళ్ళకి వాడతారు. చివర్లో ఉన్న 'యా'ని మనం 'వచ్చాడు' అనేటప్పుడు 'చా'లో వినిపించే అచ్చులా పలకాలి. ఒత్తు మాత్రం మొదటి అక్షరం మీదే, ఫిన్నిష్‌లో ఏ మాటకైనా అంతే.

'హ్యాన్ ఓన్ ఇల్కెయా' అంటే అతను గానీ ఆమె గానీ దుర్మార్గంగా ఉంటారని. 'హ్యాన్' ఆడా మగా ఇద్దరికీ ఒకటే. పిల్లలు చెల్లెల్ని ఏడిపిస్తుంటే పెద్దవాళ్ళు 'యాల్యా ఓలె ఇల్కెయా' అంటారు, అలా ఏడిపించకు అని. కథల్లో సవతి తల్లికీ, మంత్రగత్తెకీ ఇదే విశేషణం. అదే మాట వదలని దగ్గుకీ, మానని గాయానికీ కూడా వాడతారు కాబట్టి ఎక్కడైనా వింటే కంగారు పడకండి.

మనకి కాస్త కష్టమయ్యేది విభక్తి. తెలుగులో 'చెడ్డ పొరుగువాడికి' అంటే 'కి' నామవాచకానికే చేరుతుంది, 'చెడ్డ' మారదు. ఫిన్నిష్‌లో రెండూ మారాలి: 'ఇల్కెయాల్లె నాపురిల్లె'. బహువచనంలోనూ అంతే, 'ఇల్కెయాత్ ఇహ్మిసెత్' అంటే దయలేని మనుషులు. అందుకే ఈ మాటని ఒంటరిగా బట్టీ పట్టకుండా నామవాచకంతో కలిపి నేర్చుకోమని గట్టిగా చెబుతాను.

దుకాణంలో ఎవరైనా విసురుగా జవాబిచ్చారనుకోండి, దానికి 'ఇల్కెయా' మరీ ఎక్కువ. మర్యాద లేకపోవడానికి 'తొయ్కెయా' సరిపోతుంది. ముఖాన నవ్వు లేకుండా రెండు ముక్కల్లో మాట్లాడారంటే అది ఈ రెండూ కాదు, అక్కడ చాలామంది కొత్తవాళ్ళతో మాట్లాడే తీరే అంత.