ఇంటర్‌డిసిప్లినరీ డిగ్రీకి డబ్బు పెట్టొచ్చా?

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటాం, గ్రీన్‌కార్డు ఉంది. మా అబ్బాయి ఇక్కడి పబ్లిక్ యూనివర్సిటీలో మూడేళ్లు చదివాడు. కంప్యూటర్ సైన్స్‌లో చేరి బయాలజీకి మారాడు. 90 క్రెడిట్లు (కోర్సులకు ఇచ్చే యూనిట్లు) అయ్యాయి. ఇప్పుడు ఇంటర్‌డిసిప్లినరీ స్టడీస్, అంటే రెండు మూడు సబ్జెక్టులు కలిపి చేసే డిగ్రీ, అంటున్నాడు. దానికన్నా ఎకనామిక్స్ నయం కదా అని మేం. సెమిస్టర్‌కు ఫీజు, గది, తిండి కలిపి 13,000 డాలర్లు. చదువు కోసం పన్ను రాయితీతో దాచుకునే 529 ఖాతాలో 42,000 ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: మీ దిగులంతా డిగ్రీ పేరు మీద ఉంది. నా కన్ను మీరు పంపిన డిగ్రీ ఆడిట్ (ఏ క్రెడిట్లు ఏ డిగ్రీకి లెక్కకొస్తాయో చూపే పట్టిక) మీద పడింది. పట్టాకు 120 క్రెడిట్లు కావాలి. మీవాడి 90లో ఎకనామిక్స్‌కు పనికొచ్చేవి 54, ఇంటర్‌డిసిప్లినరీకి 78. అంటే ఎకనామిక్స్‌కు వెళితే ఇంకా 66 క్రెడిట్లు, అయిదు సెమిస్టర్లు, 65,000 డాలర్లు. ఇంటర్‌డిసిప్లినరీకైతే 42 క్రెడిట్లు, మూడు సెమిస్టర్లు, 39,000. ఉన్న డబ్బుతో గట్టెక్కుతారు.

ఎకనామిక్స్‌లో ఇంకో చిక్కుంది. టెక్సస్‌లో డిగ్రీకి కావలసినదానికి మించి 30 క్రెడిట్లు దాటిన విద్యార్థికి బయటి రాష్ట్రాల వాళ్ల రేటు వేసే అధికారం యూనివర్సిటీకి ఉంది. అయిపోయిన 90, ఇంకా కావలసిన 66 కలిపి మీవాడి లెక్క 156కు చేరుతుంది, హద్దు 150. అసలే ఖర్చు తడిసి మోపెడవుతున్న చివరి సెమిస్టర్లో ఇది మీద పడుతుంది.

కాబట్టి ఇంటర్‌డిసిప్లినరీకే నా ఓటు, కానీ కళ్లు మూసుకుని కాదు. టెక్సస్‌లో చాలాచోట్ల ఈ పేరుతో ఉన్నది ప్రైమరీ స్కూలు టీచర్ల కోర్సు. మీవాడు చేరేది ఏదో ముందు తేల్చుకోండి. ఆ తర్వాత ఎంచుకునే రెండు సబ్జెక్టులు ఒకదానికొకటి అతకాలి. అతని మార్కులు చూస్తే స్టాటిస్టిక్స్, పబ్లిక్ హెల్త్ బాగుంటాయనిపిస్తోంది. రెజ్యుమేలో కనిపించేవి అవే. నర్సింగ్ లాంటి లైసెన్సు ఉద్యోగాల ఆలోచన ఉంటే మాత్రం ఈ దారి వద్దు.

ఇక పన్ను సంగతి. ఇద్దరూ కలిపి వేసే రిటర్నులో ఆదాయం 1,60,000 డాలర్లు దాటకపోతే, ఈ ఏడాది ఫీజులో 4,000 మీ జేబులోంచి కట్టండి, 529 నుంచి తీయకండి. అమెరికన్ ఆపర్చ్యూనిటీ క్రెడిట్ అనే పన్ను రాయితీ కింద మీ పన్నులో 2,500 తగ్గుతుంది. 1,80,000 దాటితే రాదు. ఒక విద్యార్థికి నాలుగేళ్లే ఇస్తారు, మీరు ఇప్పటికే మూడుసార్లు వాడేశారు.

ఆఖరి సెమిస్టర్లో ఒక్క క్లాసే మిగిలిందని కుర్రాళ్లు సంబరపడుతుంటారు. హాఫ్ టైమ్ (పూర్తి సెమిస్టర్ చదువులో సగం) కన్నా తక్కువకు దిగితే గది అద్దెకు, తిండికి 529 డబ్బు వాడకూడదు. వాడితే దాని మీది రాబడికి పన్నుతో పాటు 10 శాతం జరిమానా. ఆ 42 క్రెడిట్లను సెమిస్టర్‌కు 14 చొప్పున సర్దించి, ఆ ప్లాన్‌ను అడ్వైజర్ చేత రాతపూర్వకంగా ఇప్పించుకున్నాకే ఫీజు కట్టండి.