కేసులు ఎందుకంత వేగంగా పెరుగుతాయి? అందరికీ సోకకముందే ఎందుకు తగ్గిపోతాయి?

మీరు అడిగినవి రెండు విషయాలు. అంటువ్యాధి కేసులు ఎగబాకి, ఊళ్లో అందరికీ సోకకముందే వాటంతట అవే ఎందుకు తగ్గుతాయన్నది మొదటిది. కొవిడ్ సమయంలో చెప్పిన అంచనాలు తలకిందులయ్యాయి కదా, ఈ గణిత మోడల్స్‌ను నమ్మొచ్చా అన్నది రెండోది. నేను డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాను. 2020 నుంచి అవకలన సమీకరణాల పాఠం వచ్చిన ప్రతిసారీ పిల్లలతో ఈ మోడల్‌నే వేయిస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు అసలు లెక్క. జనాన్ని మూడు గుంపులు చేస్తాం: ఇంకా సోకనివాళ్లు, ఇప్పుడు జబ్బుతో ఉండి ఇతరులకు అంటించగలిగేవాళ్లు, కోలుకునో చనిపోయో ఆ గొలుసులోంచి బయటికి వచ్చినవాళ్లు. దీన్నే ఎస్‌ఐఆర్ మోడల్ అంటారు. రోజూ రెండే పనులు జరుగుతాయి. మొదటి గుంపులోంచి కొందరు రెండో గుంపులోకి వస్తారు, రెండో గుంపులోంచి కొందరు మూడో దాంట్లోకి పోతారు. వచ్చేవాళ్లు పోయేవాళ్లకంటే ఎక్కువగా ఉన్నంతకాలం కేసులు పెరుగుతాయి.

మొదట్లో ఎవరికీ ఇమ్యూనిటీ ఉండదు. ఒక రోగి సగటున ఇద్దరికి అంటిస్తాడనుకోండి (ఆర్ నాట్ 2 అంటే ఇదే), పదిమంది ఇరవైమందికి, ఆ ఇరవైమంది నలభైమందికి అంటిస్తారు. జనాభాలో సగం మందికి సోకేసరికి పరిస్థితి మారుతుంది. రోగి అప్పుడూ అంతమందినే కలుస్తాడు, కానీ వాళ్లలో సగం మంది ఆల్రెడీ జబ్బు పడ్డవాళ్లే. కాబట్టి పదిమంది పదిమందికే అంటించగలరు. పీక్ అంటే ఆ క్షణమే. ఆ తర్వాత పదిమంది తొమ్మిదిమందికి, ఎనిమిదిమందికి అంటిస్తూ గొలుసు సన్నబడుతుంది. వైరస్ బలహీనపడాల్సిన పనీ లేదు, అందరికీ సోకాల్సిన పనీ లేదు.

చాలామందికి అంతుపట్టనిది దీని తర్వాతి సంగతి. లక్ష మంది ఉన్న ఊరు, ఆర్ నాట్ 2 అనుకుందాం. పీక్ నాటికి 50 వేల మందికి సోకి ఉంటుంది. అక్కడితో ఆగదు. ఆ రోజున సుమారు 15 వేల మంది జబ్బుతో తిరుగుతుంటారు. వాళ్లు ఒక్కొక్కరు ఒకరికంటే తక్కువమందికి అంటించినా, మొత్తం తక్కువేమీ కాదు. వేవ్ ముగిసేసరికి లెక్క దాదాపు 80 వేలకు చేరుతుంది. అంటే పీక్ దాటాక ఇంకో 30 వేల మందికి సోకుతుంది!

2021 మేలో మా బాబాయ్ ఫోన్ చేశాడు. "పీక్ దాటిందని టీవీలో చెప్తున్నారు కదా, పెళ్లి పిలుపులు మొదలెట్టమంటావా?" అని. నేను ఈ 50, 80 వేల లెక్కే చెప్పాను. "కొండెక్కాం బాబాయ్, దిగడం ఇంకా మిగిలే ఉంది. దిగేటప్పుడు కూడా జనం పడతారు" అన్నాను. ముహూర్తం మార్చలేదు గానీ, పెళ్లి ఇంట్లోవాళ్లతోనే చేశారు. మోడల్ నుంచి మామూలు మనిషికి దక్కాల్సింది ఇలాంటి వివేకమేనని నా నమ్మకం. తేదీ చెప్పమని దాన్ని అడక్కూడదు. ఇది మారిస్తే ఏం మారుతుందని అడగాలి.

ఈ లెక్కల చరిత్రలో మన నేలకు పెద్ద పాత్రే ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, ఇప్పటి బేగంపేట దగ్గర, దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన రొనాల్డ్ రాస్ అందరికీ తెలుసు. దానికే 1902లో నోబెల్ వచ్చింది. ఆయన ఆ తర్వాత లెక్కలు పట్టుకున్న సంగతి చాలామందికి తెలియదు. "ఉన్న దోమలన్నిటినీ చంపడం ఎలా సాధ్యం?" అన్నవాళ్లకు ఆయన సమీకరణాలతో జవాబిచ్చాడు: అన్నిటినీ చంపనక్కర్లేదు, దోమల సంఖ్య ఒక హద్దు కిందికి దిగితే చాలు, మలేరియా దానంతట అదే అంతరిస్తుంది. ఈ 'హద్దు' అనే ఆలోచనే తర్వాత వచ్చిన మోడల్స్ అన్నిటికీ పునాది. నాకైతే దోమను కోసి చూసినదానికంటే ఇదేమీ తక్కువ ఘనకార్యం కాదు.

రాస్ ప్రోత్సాహంతో గణితంలోకి వచ్చిన సైనిక వైద్యుడు మెకెండ్రిక్ ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో, కసౌలీలోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసి ఎడిన్‌బరో వెళ్లాడు. అక్కడ కెర్మాక్ అనే రసాయన శాస్త్రవేత్త తోడయ్యాడు. 1924లో ప్రయోగశాల ప్రమాదంలో కెర్మాక్ రెండు కళ్లూ పోయాయి. అయినా పని వదల్లేదు. 1927లో ఇద్దరూ కలిసి రాసిన పత్రమే ఎస్‌ఐఆర్‌కు మూలం. అందులో తమ సూత్రాన్ని సరిపోల్చి చూపడానికి తీసుకున్నది బొంబాయి ప్లేగు, 1905 డిసెంబర్ నుంచి 1906 జులై దాకా వారంవారీ మరణాలు. వాళ్ల ఫార్ములాలో పదిహేడో వారానికి పీక్, ఆ వారం 890 మరణాలు. ఫార్ములా గీతకు అసలు మరణాల చుక్కలు చక్కగా అతుకుతాయి.

ఆ గ్రాఫ్‌ను క్లాసులో చూపించినప్పుడు పిల్లల్ని ఒకటి అడుగుతాను: ప్లేగు మనిషికి ఎవరి నుంచి వస్తుంది? ఎలుకల ఒంటి మీద బతికే 'ఫ్లీ' అనే చిన్న పురుగుల నుంచి. పైగా బొంబాయిలో ప్లేగు ఏటా ఇంచుమించు అవే నెలల్లో వచ్చి, ఎండలు ముదిరాక తగ్గేది. ఎలుకల సంగతి కెర్మాక్, మెకెండ్రిక్ కూడా తమ పత్రంలో ఒప్పుకున్నారు. అంటే గీత చుక్కలకు అతికినంత మాత్రాన, జబ్బు తగ్గడానికి మోడల్ చెప్పిన కారణమే నిజమని తేలిపోదు. కొవిడ్‌లో మనకు ఎదురైన చిక్కు సరిగ్గా ఇదే.

మన దేశంలో మొదటి వేవ్ 2020 సెప్టెంబర్ మధ్యలో రోజుకు 97 వేల పైచిలుకు కేసులతో పీక్‌కు వెళ్లి దిగింది. అక్టోబర్‌లో ఐఐటీ హైదరాబాద్ ప్రొఫెసర్ ఎం. విద్యాసాగర్ నేతృత్వంలోని జాతీయ కమిటీ పీక్ దాటిందని, జాగ్రత్తలు పాటిస్తే 2021 ఫిబ్రవరి చివరికి కేసులు కనిష్ఠానికి వస్తాయని చెప్పింది. జనం నోళ్లలో నానేసరికి 'జాగ్రత్తలు పాటిస్తే' అన్న ముక్క రాలిపోయి ఫిబ్రవరి మాత్రమే మిగిలింది. మా స్టాఫ్ రూములోనూ అదే మాట. 2021 మే 6న ఒక్కరోజులో 4 లక్షల 14 వేల కేసులు వచ్చాయి.

ఏం జరిగింది? కేసులు తగ్గడానికి రెండు దారులున్నాయి. సోకడానికి మనుషులు మిగలక తగ్గడం ఒకటి, మనుషులు కలవడం మానేసినందువల్ల తగ్గడం ఇంకొకటి. గ్రాఫ్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. కానీ రెండోదైతే, కలవడం మొదలెట్టగానే కేసులు మళ్లీ లేస్తాయి. 2020 డిసెంబర్, 2021 జనవరిల్లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చేసిన రక్తపరీక్షల సర్వేలో, జబ్బు సోకిందని చూపే యాంటీబాడీలు కనిపించింది దాదాపు 21 శాతం మందిలోనే. ప్రతి ఐదుగురిలో నలుగురు ఇంకా మొదటి గుంపులోనే ఉన్నారు. మాస్కులు జారాయి, పెళ్లిళ్లు, సభలు మొదలయ్యాయి, మరింత వేగంగా అంటుకునే డెల్టా రకం వైరస్ వచ్చింది. రెండో వేవ్ తర్వాత, 2021 జూన్-జులై సర్వేలో ఆ సంఖ్య 67.6 శాతం. వ్యాక్సిన్ వేయించుకున్నవాళ్లు కూడా అందులో ఉన్నారు.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు నా జవాబు: సమీకరణాలు ఏ తప్పూ చేయలేదు. రోజుకు మనిషి ఎంతమందిని కలుస్తాడన్న అంకె మాత్రం వాటికి మనమే ఇవ్వాలి. అది మన ప్రవర్తనతోనే మారిపోతుంటుంది. పండగకు ఒకలా, భయం పుట్టిన వారం ఇంకోలా ఉంటుంది. పైగా ఈ సాదా మోడల్ ఊరందరూ అందరితోనూ సమానంగా కలుస్తారని అనుకుంటుంది. బస్ కండక్టర్‌నూ, ఇంట్లోంచి కదలని ముసలాయననూ ఒకే గాటన కడుతుంది. వయసులవారీగా, ప్రాంతాలవారీగా విడదీసిన మోడల్స్ ఉన్నాయి గానీ, వాటికి డేటా కూడా అంత ఎక్కువ కావాలి.

నా మాట కంటే మీరే ఎక్సెల్‌లో వేసి చూడండి. ఊరు లక్ష, మొదట పదిమంది రోగులు. రోజువారీ కొత్త కేసులు = 0.4 × సోకనివాళ్లు × రోగులు ÷ 1,00,000. రోజూ కోలుకునేవాళ్లు = 0.2 × రోగులు. (0.4 ÷ 0.2 = 2, పైన చెప్పిన ఆర్ నాట్ ఇదే.) ప్రతి వరుసలో కొత్త కేసులను సోకనివాళ్లలోంచి తీసి రోగుల్లో కలపండి, కోలుకున్నవాళ్లను రోగుల్లోంచి తీసేయండి. కిందికి రెండు వందల వరుసలు లాగండి. నెలన్నర ప్రాంతంలో పీక్ కనిపిస్తుంది, ఆ రోజు రోగులు 15 వేల పైచిలుకు. ఇప్పుడు ఆ 0.4ను 0.3 చేయండి, అంటే నలుగుర్ని కలిసేవాళ్లు ముగ్గుర్నే కలిశారన్నమాట, లేదా మాస్కుల వల్ల అంటుకోవడం ఆ మేరకు తగ్గిందన్నమాట. పీక్ నెలకు పైగా ఆలస్యంగా వస్తుంది, ఆ రోజు రోగులు 6 వేల చిల్లరే ఉంటారు. మొత్తం సోకేవాళ్లు కూడా 80 వేల నుంచి 58 వేల దగ్గరికి వస్తారు. ఆసుపత్రిలో పడకలు ఎన్ని ఉన్నాయో ఆ గ్రాఫ్ మీద అడ్డంగా ఒక గీత గీసి చూడండి, మాస్కు కోసం డాక్టర్లు ఎందుకంత బతిమాలారో అర్థమవుతుంది. షీట్‌లో ఎక్కడైనా ఆగిపోతే కింద అడగండి, చెబుతాను.