తప్పిన రోజు బాకీ

చిరంజీవి బాబుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వారం రోజులు తెల్లవారుజామున నాలుగింటికే లేచి చదువుకున్నావు. ఎనిమిదో రోజు మెలకువ రాలేదు. ఆ ఒక్క పూటకు నిన్ను నువ్వు బద్ధకస్తుడివని, ఎందుకూ పనికిరావని తిట్టుకున్నావు. పోయిన గంటలు రాబట్టాలని ఆ రాత్రి రెండింటి దాకా కూర్చున్నావు. మర్నాడూ లేవలేకపోయావు. ఇప్పుడు పుస్తకం తెరిచి పది రోజులైందని రాశావు.

ఎనిమిదో రోజు నిద్రపోవడంలో నాకు పెద్ద దోషమేమీ కనిపించలేదు బాబూ. ఆ రాత్రి నువ్వు వేసుకున్న శిక్ష చూసే కలవరపడ్డాను. ఎందుకంటే ఆ దారిలో నేనూ నడిచాను.

నలభై దాటాక రోజూ అరగంట నడవాలని నిశ్చయించుకున్నాను. ఒక రోజు తప్పితే మర్నాడు గంట, రెండు రోజులు తప్పితే గంటన్నర నడవాలని నాకు నేనే జరిమానా పెట్టుకున్నాను. అదే నిష్ఠ అనుకున్నాను. మూడో వారంలో జ్వరం వచ్చి నాలుగు రోజులు మంచం దిగలేదు. లేచేసరికి రెండున్నర గంటల నడక నెత్తిన ఉంది. చెప్పులు వేసుకోబోతూ ఆ లెక్క గుర్తొచ్చి మళ్ళీ కూర్చుండిపోయాను. మర్నాటికి అది మూడు గంటలైంది. ఆ తర్వాత ఏడాది పాటు నడక మాటే ఎత్తలేదు. జ్వరం నన్ను నాలుగు రోజులు ఆపింది, జరిమానా ఏడాది ఆపింది.

తిరిగి మొదలుపెట్టినప్పుడు ఒక్క నియమమే పెట్టుకున్నాను. తప్పిన రోజు తప్పినట్టే పోతుంది, దాని బాకీ మర్నాటికి రాదు. ఇరవై ఏళ్ళుగా నడుస్తున్నాను. మధ్యలో ఎన్ని రోజులు తప్పాయో నేను లెక్క పెట్టలేదు.

ఇరవై ఒక్క రోజులు వరుసగా చేస్తే ఏ అలవాటైనా స్థిరపడుతుందని ఎవరో చెప్పారని రాశావు. ఆ అంకెను నమ్మి కుంగిపోకు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో పరిశోధకురాలు ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి, 2010లో ఆ ఫలితాలను ప్రచురించింది. ఒక పని అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా మారింది. ఇంకో సంగతి నీకు ముఖ్యం. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడే క్రమం చెప్పుకోదగినంతగా దెబ్బతినలేదు.

తనను తాను క్షమించుకుంటే అలుసైపోతుందని నీ భయం. కెనడాలోని ఒక విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం విద్యార్థులను పరిశీలించారు. మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్ళు రెండో పరీక్షకు తక్కువగా వాయిదా వేశారు. నాకిది వింతగా తోచలేదు. తిట్లు గుర్తొచ్చే బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చోవాలని ఎవరికి ఉంటుంది?

క్రమశిక్షణ అనే మాటలో 'శిక్ష' ఉందని మనకు దండన గుర్తొస్తుంది. ఆ మాటకు మొదటి అర్థం నేర్చుకోవడం. వేదాంగాల్లో ఉచ్చారణ నేర్పే శాస్త్రం పేరు శిక్ష. అక్కడ తప్పు పలికితే మళ్ళీ పలకడమే పాఠం. నువ్వూ ఆ అర్థాన్నే పట్టుకోవాలని నా కోరిక.

అలాగని కారణం వెతకవద్దని అనను. పన్నెండింటికి పడుకుని నాలుగింటికి లేవాలనుకున్నావు. నాలుగు గంటల నిద్రతో వారం నెట్టుకొచ్చావంటే నీ పట్టుదలకు లోటు లేదు, నీ లెక్కలోనే లోటుంది. ఆరంభశూరత్వమని నిన్ను నువ్వు నిందించుకునే ముందు ఆ వేళ మార్చు. ఫోను పక్కన పెట్టుకుని చూడకుండా నిగ్రహించుకోవడం గొప్ప అనుకోకు, దాన్ని వేరే గదిలో పెట్టు. స్టాన్‌ఫర్డ్‌లో మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్ పిల్లల ముందు మిఠాయి పెట్టి చేసిన ప్రయోగాల్లో కూడా మిఠాయి కంటికి కనబడకుండా చేసినప్పుడు, లేదా మనసు వేరే వాటి మీదికి మళ్ళించుకున్నప్పుడు పిల్లలు తినకుండా ఎక్కువసేపు ఆగగలిగారు.

బాగాలేని రోజుకు ఒక చిన్న కొలత ముందే అనుకుని ఉంచుకో. నాకది వీధి చివరిదాకా వెళ్ళి రావడం. నీకు ఒక్క పేజీ చాలు. ఆ రోజు అంతకు మించి చేయలేదని నొచ్చుకోకు.

ఇంకొక మాట. నెలల తరబడి నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా దాన్ని బద్ధకమని పేరు పెట్టి దాచుకోకు. వైద్యుల దగ్గరికి వెళ్ళు. తోడు కావాలంటే నేను వస్తాను.

రేపు పొద్దున ఆరింటికి లేచి, ఆగిన చోటి నుంచి ఒక పేజీ చదివి పుస్తకం మూసేయి. పోయిన పది రోజులు ఆ బల్ల దగ్గరికి తీసుకురాకు. వచ్చే ఉత్తరం మాత్రం బాగా చదివిన రోజున కాకుండా, తప్పిన రోజున రాయి. మర్నాడు ఏం చేశావో కూడా కింద ఒక వాక్యం చేర్చు. ఎదురుచూస్తుంటాను.

ప్రేమతో,
పెద్దమ్మ