ఏడాది దాటిన బాబుకు ఆ డబ్బా పాలు పట్టాలా?

రాజాం చెల్లెమ్మా, మీ 14 నెలల బాబు బరువు పెరగడం లేదని మందుల షాపాయన ఇచ్చిన 'ఏడాది దాటిన పిల్లల' పాలపొడిని ఇంట్లోనే టెస్ట్ చేయొచ్చా అని అడిగారు. ఇంట్లో తేలదు. అయోడిన్ చుక్క వేస్తే పిండి కలిసిందో లేదో తెలుస్తుంది, అంతే. ప్రొటీన్, ఇనుము ఎంతున్నాయో ల్యాబే చెప్పాలి.

మీ చేతిలో ఉన్నది లేబుల్. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబరు, గడువు తేదీ చూశాక పదార్థాల జాబితా చదవండి. ఎక్కువగా కలిపినదాన్నే ముందు రాస్తారు. పంచదార, మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి నుంచి తీసే పొడి) మొదట్లోనే ఉంటే డబ్బా తిరిగి ఇచ్చేయండి. (రెండేళ్లలోపు పిల్లల పాలపొడికి ప్రచారం చేయడాన్ని 1992 నాటి శిశు పాలపొడుల చట్టమే నిషేధించింది. షాపాయనకు ఆ సంగతి తెలుసో లేదో!)

అసలు ఏడాది దాటాక ఇలాంటి పాలు అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటుంది. తల్లిపాలు మానకండి. చోడి (రాగి) జావ, నెయ్యి వేసిన పప్పన్నం, గుడ్డు, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పెట్టండి. మా పాప చోడి జావ ఉమ్మేసేది, అరటిపండు మెదిపి కలిపితే తాగింది.

అంగన్‌వాడీలో నెలనెలా తూయించి, గ్రోత్ చార్టులో గీత చూడండి. రెండు నెలలు కదలకపోతే టెన్షన్ పడుతూ కూర్చోకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి. ఆయన రాసిస్తే అప్పుడు పొడి సంగతి వేరు.